అద్దె బూట్లు

తడిసిన బూట్లన్నిటినీ రేకుల గది ముందు చెక్కబల్ల మీద వరసగా ఎండబెట్టి, జతకు జత లేసులు ముడివేస్తున్నాడతను. కొండదారి మొదట్లో అతని పని అదే. ఎక్కేవాళ్ళకు బూట్లు అద్దెకివ్వడం, దిగివచ్చేదాకా వాళ్ళ చెప్పులు అరలో భద్రంగా ఉంచడం. అందరూ అతణ్ణి బూట్లాయన అనేవారు. వంగి వంగి వీపు గూని తేలింది. ఎంత తోమినా గోళ్ళ అంచున పాలిష్ నలుపు పోదు.

గుమ్మంలో మనిషి నిలబడితే చాలు, సైజు అడక్కుండానే జత దించేవాడు. అందిస్తూ, "ఎందుకెక్కుతున్నారు?" అని అడగడం అతని సరదా. తొలిరోజుల్లో వచ్చేవాళ్ళంతా కుర్రాళ్ళే. పందెం వేసుకున్నామనేవారు. తర్వాత డాక్టరు చెప్పాడంటూ పొట్టలు మోసుకుని పెద్దమనుషులు మొదలయ్యారు. ఇప్పుడు ఫొటోల కోసం వచ్చేవాళ్ళు, మొగుడితో మాటామాటా అనుకుని వచ్చేవాళ్ళు, ఫోను మోగని చోటు కావాలని వచ్చేవాళ్ళు. ఆ జవాబులన్నీ సాయంత్రం ఇంటికి మోసుకెళ్ళి భార్యను నవ్వించేవాడు. ఆమె ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేది. నవ్వినంతసేపూ నవ్వి, నన్నూ ఓసారి తీసుకెళ్ళండి అనేది. అది పనీపాటా లేనివాళ్ళ కొండ, మేడమెట్లెక్కితేనే రొప్పుతావు, నీకెందుకనేవాడు. తనూ ఏనాడూ ఎక్కలేదు.

ఆ రోజు ఆమెకు సెలవు. తోటి పనివాళ్ళతో వస్తున్నానని, కాసేపు గది మూసి మీరూ రండని పొద్దున్నే చెప్పింది. అతను విననట్టే సైకిలెక్కి వచ్చేశాడు.

ఎండ ముదరకముందే ఆడవాళ్ళు వచ్చారు. అప్పుడే వాకింగ్ క్లబ్బు పెద్దాయన తన బలగంతో బయల్దేరబోతున్నాడు. ఆ ఆడవాళ్ళ అరిగిన రబ్బరు చెప్పుల్నీ, సబ్బునీళ్ళకు పాలిపోయిన చేతుల్నీ చూశాడు.

"ఏం బూట్లాయనా, వీళ్ళు కూడా మొదలెట్టారా? ఇక మనకి చోటు దొరికినట్టే" అన్నాడు.

అతను నవ్వాడు. నవ్వకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. అయినా నవ్వాడు.

భార్య బల్ల దగ్గరికి వచ్చింది. జుట్టు నున్నగా దువ్వుకుంది. బట్టలు ఇస్త్రీ మడత చెదరకుండా ఉన్నాయి. క్లబ్బువాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఆమె ముఖంలోకి చూడటానికి అతనికి ముఖం చెల్లలేదు.

"సైజెంతమ్మా?" అన్నాడు, పరాయి మనిషిని అడిగినట్టు.

పక్కావిడ ఏదో అనబోతే ఆమె మోచేత్తో ఆపింది.

"ఏదో ఒకటివ్వండి. సర్దుకుంటాను."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ పాదాల్ని సరిగా చూడనేలేదని అతనికి అప్పుడు తెలిసింది. చేతికందిన జత దించాడు. ఎందుకెక్కుతున్నావని అడగలేదు. ఆమె మాత్రం మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

మధ్యాహ్నమంతా అతనికి కాలు నిలవలేదు. వచ్చినవాళ్ళకు ఒకరి జత ఒకరికిచ్చి మాటలు పడ్డాడు. ఆమె దిగిరాగానే, ఎవరున్నా సరే, మా ఆవిడని చెప్పాలనుకున్నాడు. చివరికి మొదటిసారి పట్టపగలు గదికి తాళం వేసి కొండదారి పట్టాడు.

మలుపులోనే ఎదురయ్యారు. క్లబ్బువాళ్ళు తమ కోట్లు ముడివేసి చేసిన జోలెలో ఎవరినో మోసుకొస్తున్నారు. ముందు కొస పెద్దాయన భుజం మీద ఉంది. ఆయన చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది.

"నిద్రపోయినట్టే పోయిందయ్యా. ఎవరి మనిషో, పాపం" అన్నాడు ఆయన.

అతను జోలె అంచు తొలగించి ముఖం చూశాడు.

"మా ఆవిడండీ."

పెద్దాయన తల దించుకున్నాడు. ఎవరు అడిగినా, కిందికి చేరేదాకా ఆ కొస మరొకరికివ్వలేదు.

బండి కోసం గది ముందు ఆగినప్పుడు తోటి పనావిడ అతని పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. పైకి చేరాక అతని భార్య బూట్లు విప్పి, బండరాయి మీద కాళ్ళు చాపుకుని కూర్చుందట. ఇక్కడ ఉతకాల్సినవేం కనబడ్డం లేదే అని నవ్విందట. ఇంత పట్టుదలగా ఎందుకొచ్చావే అని వీళ్ళడిగారు.

"రోజూ ఆయనే కబుర్లు తెస్తారు, ఇవాళ నేను తీసుకెళ్ళాలి అంది, అన్నయ్యా. మీ మీద కోపంగా లేదు."

ఆ మాటకు అతనికి తల కొట్టేసినట్టయింది. కోపంగా ఉన్నా బాగుండేది.

ఆవిడ చంకలో పెట్టుకు తెచ్చిన బూట్లను బల్ల మీద ఉంచి వెళ్ళింది. అవి తన భార్యకు బాగా పెద్దవని చూడగానే తెలుస్తోంది. ఒక్కో బూటు ముందు కొనలో, రెండుగా చింపిన చేతిరుమాలు సగం, ఉండలా చుట్టి గట్టిగా కుక్కి ఉంది.