దులిపిన తుపాకులు

మునిరత్నమ్మ అరుగు పక్కన బండమీద కూర్చుని తుపాకి కడుగుతోంది. గొట్టంలోకి గోరువెచ్చని నీళ్ళు పోసి, కడ్డీకి గుడ్డపేలిక చుట్టి పైకీ కిందికీ ఆడిస్తూంటే మసి నల్లగా కారి, పక్కన బోర్లించిన సంగటికుండ దాకా పారుతోంది. రాత్రి కావలికి పోయొచ్చిన తుపాకిని తెల్లారి కడిగి, ఆముదం పూసి, గోడకు తగిలించడం గువ్వలగుట్టలో ఆడవాళ్ళ పని. అంట్లు ఒక పూట ఆలస్యమైనా ఫరవాలేదు. తుపాకి మాత్రం ఆగదు. మందు కాలిన మసి పొద్దెక్కేసరికి ఇనుమును తినడం మొదలుపెడుతుంది.

అది ఆమె మామ చిన్నబ్బ పేరున ఉన్న తుపాకి. మూతిలోంచి మందు కూరి, కొబ్బరిపీచు దూర్చి, సీసపు రవ్వలు పోసి కాల్చే నాటు తుపాకి. పైరు కాపలాకని సర్కారు లైసెన్సు ఇచ్చింది. ఊళ్ళో ఇంకా కొన్ని ఇళ్ళల్లో అలాంటివే ఉన్నాయి. ఊరి వెనకే అడవి. వేరుశనగ కాయ గట్టిపడే వేళకు పందుల మందలు దిగుతాయి. ఒక్క రాత్రి ఏమరితే చాలు, చేను నాగలి పెట్టి దున్నినట్టు అయిపోతుంది. తుపాకి చప్పుడు వినపడిన చేనుకు మాత్రం అవి రావు.

డప్పు వినిపించింది. తలారి మునస్వామి వీధి మొదట్లో నిలబడి గొంతెత్తాడు.

"ఎలక్షన్లొచ్చినాయహో! లైసెన్సు తుపాకులున్నోళ్ళంతా రేపు పొద్దుగూకే లోపల స్టేషన్లో ఇచ్చేయాలహో!"

లోపల్నించి ఆమె మొగుడు పెంచలయ్య విసురుగా బయటికొచ్చాడు.

"ఏంది మునస్వామీ, ఇప్పుడా? రేపో మాపో చెనిక్కాయ పీకబోతా ఉంటే?"

"నన్నేమనొద్దబ్బా. నేను డప్పు కొట్టేవాణ్ణి, ఎలక్షన్ పెట్టేవాణ్ణి కాదు."

చిన్నబ్బ అరుగుమీద వక్క కొరుకుతూ కొడుకును చూశాడు. "అరిస్తే ఏమొస్తాదిరా? సర్కారోళ్ళు అడిగినప్పుడు ఇయ్యాల. ఇస్తేనే మన మింద నమ్మకం."

"పోయిన తూరి నువ్వే కదా నాయనా అందరికన్నా ముందు పోయి ఇచ్చింది? ఏమైంది? ఆముదం పూసి ఇచ్చిన తుపాకి తుప్పుతో వచ్చింది. చెక్క పగిలింది. మీట ఊడిపోయింది. మీట యాడ సామీ అంటే, నువ్వు తెచ్చినప్పుడే లేదు పో అన్నారు!"

చిన్నబ్బ ఇంకో వక్క నోట్లో వేసుకున్నాడు.

మునిరత్నమ్మ తల వంచుకుని గొట్టం తుడుస్తూనే ఉంది. ఆ ఇంట్లో ఆమె గొంతు పెద్దగా వినపడదు. కానీ ఆమె చూసింది మరిచిపోయే మనిషి కాదు. పోయిన వేసవిలో లైసెన్సు గడువు పొడిగించుకోవడానికి మామ వెంట తాలూకాఫీసుకు పోయింది. ఫీజు మళ్ళీ పెంచారు. పెళ్ళయి ఆమె ఈ ఇంటికి వచ్చాక అది మూడో పెంపు. ఊరి ముసలివాళ్ళంతా చూరు నీడ కూడా అందని చోట పొద్దుటినుంచీ నిలబడ్డారు. మధ్యాహ్నం దేవరాజులు గుమాస్తా దామోదరం మామిడిపండ్ల గంప మోయించుకుని పక్కవాకిట్లోంచి లోపలికి పోయి, సిగరెట్టు ఒకటి కాలేలోపల తిరిగొచ్చాడు. దేవరాజులుకు బంగారుపాళ్యం దారిలో మామిడితోటలున్నాయి, పండ్ల రసం తీసే ఫ్యాక్టరీ ఉంది, రెండు గొట్టాల తుపాకి ఒకటీ రైఫిలు ఒకటీ ఉన్నాయి. ఎన్ని ఎలక్షన్లొచ్చినా అవి ఇల్లు కదలవు. ఆస్తి కాపాడుకోవాలి కదా అని ఆయనకు మినహాయింపు.

ఆరోజు తన వంతు వచ్చినప్పుడు చిన్నబ్బ చేతులు కట్టుకుని అడిగాడు. "ఫీజు ఇంత పెంచితిరే సామీ, దానికి మాకేమిస్తారు?"

తాలూకాఫీసు గుమాస్తా చేతిలోని ముద్ర పైకెత్తి చూపించాడు. "ఇదో, ఇది ఇస్తాం. సాలదా?"

ఆఫీసంతా నవ్వింది. చిన్నబ్బ కూడా నవ్వాడు. మామ నవ్విన ఆ నవ్వు మునిరత్నమ్మకు ఇప్పటికీ గుర్తొస్తే అన్నం సయించదు.

గువ్వలగుట్ట కింద మామిడితోట ఎలా పెరిగిందో కూడా ఆమె చూసింది. తుపాకి స్టేషన్లో ఉన్న ఏడాది పందులు చేను తింటాయి. పంట పోయినవాడు చేను కౌలుకిస్తాడు. కౌలుకు పుచ్చుకునేది దేవరాజులే. ముళ్ళకంచె వేసి మామిడి నాటుతాడు. మామిడిచెట్టు పాతుకున్న నేల మళ్ళీ వేరుశనగకు తిరిగొచ్చింది లేదు. వాళ్ళకు మిగిలింది ఎకరన్నర. అది ఈ ఏడు నిండా కాసింది.

ఆ మధ్యాహ్నం ఊరివాళ్ళంతా కళ్ళంలో చేరారు. రైతుకూలీ సంఘం కుర్రాడు సుందరరాజు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. పక్కూరి కౌలురైతు కొడుకు, తిరుపతిలో చదువుతున్నాడు. టౌన్లో తుపాకులు బాగుచేసే నాయబ్ రసూల్ కూడా తన సంచితో వచ్చి ఒక మూల కూర్చున్నాడు.

"ఒక్కొక్కరే పోతే ఒక్కొక్కరినే తరుముతారు," అన్నాడు సుందరరాజు. "అందరం ఒకటిగా పోదాం. పంట ఇల్లు చేరేదాకా మా తుపాకులు మా కాడ ఉండనియ్యండి అని అడుగుదాం. కాదంటే దేవరాజులు తుపాకులు కూడా తెప్పించి మా తుపాకుల పక్కన పెట్టమందాం. చట్టం ఒకటే కదా!"

"పందులకు ఓటు ఇచ్చుంటే బాగుండునప్పా," అంది సిద్ధమ్మ, నడుముమీద చేతులేసుకుని. ఆమె మొగుడు చనిపోయాక తనే కావలికి పోయే మనిషి. "ఓట్లోళ్ళే వచ్చి వాటి కాళ్ళు పట్టుకోని అడివిలోకి సాగనంపుదురు!"

కళ్ళమంతా నవ్వింది. నాయబ్ రసూల్ గడ్డం గోక్కుంటూ అందుకున్నాడు.

"నేను కళ్ళారా సూసినా కదా భాయ్. స్టేషన్లో మీ తుపాకులను కట్టెలమోపు మాదిరి తాడేసి కట్టి మూల పారేసినారు. పైన పెంకులు కారతా ఉండాయి. రిపేరు చేసేటోడికీ లైసెన్సే, నాకూ పెంచినారు ఫీజు. తుప్పు పట్టించేది వాళ్ళు, గీకేది నేను, కట్టేది మనందరమూ!"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

చిన్నబ్బ లేచాడు. "పోట్లాటకు పోతే లైసెన్సు పీకేస్తారు. మా నాయన కాలం నుంచీ ఉండాది నాకది. ఒక్క మచ్చ లేదు."

"మచ్చ లేదు సరే పెద్దాయనా, చేనుండాదా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. "నీకు ఐదెకరాలుండె. ఇప్పుడెంత?"

చిన్నబ్బ కళ్ళం దాటి చేల వైపు చూశాడు. చివరికి, "సరే, అందరితో పాటే వస్తాను. కానీ మర్యాదగా అడగాల," అన్నాడు.

మర్నాడు ఊరు ఊరంతా కదిలింది. తుపాకులున్నవాళ్ళు ముందు, లేనివాళ్ళు వెనక, ఆడవాళ్ళు కొంగులు దోపుకుని పక్కన.

స్టేషనుకు ఇవతల ఎండిపోయిన వంక ఒకటి ఉంది. అక్కడ అందరూ ఆగారు. రాత్రి కావలికని మందు కూరిన నాటు తుపాకిలోంచి మందు వెనక్కి తీయడం కష్టం, కాల్చి ఖాళీ చేయడమే సులువు. నిండు తుపాకితో స్టేషను మెట్లెక్కడం తప్పని పెద్దల కాలం నుంచీ అనుకుంటూ వచ్చారు. అందుకే ఇచ్చే రోజు ఎవరికి వాళ్ళు వంకలో దిగి, గట్టు మట్టిలోకి కాల్చి, అప్పుడు పోతారు. దాన్ని తుపాకి దులపడం అంటారు. గుడి ముందు చెప్పులు విడిచినంత మామూలు పని అది. ఎప్పుడూ ఒక్కొక్కరే దులిపేవారు. ఈసారి అందరూ ఒకటిగా వచ్చారు కాబట్టి ఒకటిగానే వరుసలో నిలబడ్డారు.

"దులపండ్రా," అన్నాడు చిన్నబ్బ.

గట్టు దద్దరిల్లింది. కొండ ఆ చప్పుడును రెండుసార్లు తిరిగి పలికింది. ఆడవాళ్ళు చెవులు మూసుకుని కిలకిలా నవ్వారు. పొగ వంక నిండా పరుచుకుంది. అది పలచబడ్డాక, పైన వంతెన మీద దేవరాజులు జీపు ఆగి ఉండడం మునిరత్నమ్మ చూసింది. జీపులోంచి దామోదరం కిందికి చూస్తున్నాడు. వీళ్ళు వంక ఎక్కేలోపల జీపు స్టేషను వైపు దూసుకుపోయింది.

వీళ్ళు పోయేసరికి స్టేషను గేటు మూసి ఉంది. లోపల పోలీసులు తుపాకులు ఎక్కుపెట్టి నిలబడ్డారు.

"ఎవర్రా కాల్చింది?" ఎస్సై అరిచాడు.

చిన్నబ్బ లైసెన్సు చేతబట్టుకుని ముందుకు పోయాడు. "మేమే సామీ. దులిపినాం. నిండు తుపాకి మీ కాడికి తేగూడదని..."

"సంఘం పెట్టి, తుపాకులతో ఊరేగింపుగా వచ్చి, స్టేషను పక్కన అందరూ ఒకేసారి కాల్చి, దులిపినామంటావా?"

"ప్రతి తూరీ దులిపేదే కద సామీ. మీకు ముందున్న అయ్యోరిని అడగండి."

"సార్, దేవరాజులు తుపాకులు యాడ పెట్టినారో సూపించండి," అన్నాడు పెంచలయ్య. "వాటి పక్కనే మావీ పెట్టి పోతాం."

జవాబుగా ఎస్సై గేటు తోసుకుని వచ్చి పెంచలయ్య చెంప పగలగొట్టాడు. ఆ వెనకే లాఠీలు బయటికొచ్చాయి. ఖాళీ తుపాకులు పట్టుకున్న రైతుల చేతులమీద, వీపులమీద దెబ్బలు పడ్డాయి. చేతిలో తుపాకి ఉండి కూడా ఒక్కడూ దాన్ని కర్రలాగానైనా ఎత్తలేదు. చట్టానికి అంత భయపడే మనుషుల పేరున స్టేషను మీద దాడి చేశారని కేసు రాశారు. తుపాకులన్నీ లాక్కుని, పెంచలయ్యను, సుందరరాజును, ముందువరుసలో ఉన్న ఇంకొందరిని వ్యానులోకి నెట్టారు.

సిద్ధమ్మ వ్యాను ముందు నేలమీద కూలబడింది. "ఎక్కించు సామీ, నా మింద ఎక్కించు! పందులు తినంగా మిగిలింది నువ్వు తిను!" ఆమె పక్కన ఇంకో పదిమంది కూర్చున్నారు. వాళ్ళను జుట్టు పట్టి ఈడ్చేశారు.

మునిరత్నమ్మ వ్యాను వెనక కమ్మీ పట్టుకుంది. మణికట్టు మీద లాఠీ పడింది. వదల్లేదు. మళ్ళీ పడింది.

"ఇడువు మే!" లోపల్నించి పెంచలయ్య అరిచాడు. "ఇడువు! చేను సూసుకో!"

అప్పుడు వదిలింది.

చిన్నబ్బను ఎవరూ ముట్టుకోలేదు. లైసెన్సు చేతిలో పట్టుకుని, ఖాళీ అయిన రోడ్డు మీద ఆయన ఒక్కడే నిలబడ్డాడు. దులపండ్రా అన్న మనిషిని ఎందుకు వదిలారో ఆ రోజు ఆయనకు తెలియలేదు.

చేను సూసుకో అన్నాడు మొగుడు. దేంతో చూసుకోవాలి? ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ డబ్బాలు కొట్టారు, నెగళ్ళు వేశారు, గొంతులు పోయేలా కేకలు పెట్టారు. పందులు మొదట బెదిరాయి, తర్వాత అలవాటుపడ్డాయి. డబ్బా చప్పుడుకు పంది చావదని వాటికి తెలిసిపోయింది. నిండు కాపుమీదున్న ఎకరన్నర చేను గుంటలు గుంటలుగా తిరగబడింది. మునిరత్నమ్మ గట్టుమీద నిలబడి చూసింది. వేర్లు ఆకాశం వైపు తిరిగిన తీగలు. నమిలి ఊసిన పొట్టు. చిన్నబ్బ ఒక గుంటలో గొంతుక్కూర్చుని మట్టి జల్లించాడు. ఆయన వేళ్ళమధ్య ఒక్క కాయ మిగల్లేదు.

చిత్తూరు కోర్టు బెయిలు ఇవ్వలేదు. ఎలక్షన్లు అయ్యేదాకా ఇవ్వరన్నాడు ప్లీడరు. ఆ మాట విని సిద్ధమ్మ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగింది.

"ఏడస్తా కూర్చుంటే ఏమొస్తాది? పందులు పీకిన తీగలన్నీ మోపులు కట్టండి. చిత్తూరు పోదాం. కలెక్టరాఫీసు గేటుకు అడ్డంగా పడేద్దాం. కట్టిన ఫీజుకు మాకు మీరిచ్చింది ఇదే సామీ, మీదే, మీరే ఉంచుకోండి అందాం. మనోళ్ళను ఇడిచేదాకా ఆ మోపుల మిందనే కూర్చుందాం."

బయల్దేరే రోజు పొద్దున చుట్టుపక్కల పల్లెలవాళ్ళు కూడా మోపులతో వచ్చి వీధి చివర చేరుతున్నారు. అప్పుడే దేవరాజులు జీపు వచ్చి ఇంటిముందు ఆగింది. దామోదరం చెప్పులు విడిచి మరీ లోపలికొచ్చాడు. ఎప్పుడూ లేనిది, చాపమీద కూర్చున్నాడు.

"పెద్దాయనా, నువ్వు సంఘపోడివి కాదని మా అయ్యకు తెలుసు. అందుకే నీ జోలికి రానీలేదు. నాతో కోర్టుకు రా. ఒక్క మాట చెప్పు. స్టేషను మీదికే కాల్చినారు, సుందరరాజు కాల్చమంటేనే కాల్చినారు అను. నీ కొడుకు ఈ వారంలో ఇంటికొస్తాడు. నీ తుపాకి నీ గోడకొస్తాది. బతికినన్నాళ్ళు నువ్వు ఫీజు మాటే తలుచుకోపన్లేదు. మా అయ్య చూసుకుంటాడు."

"చేను?" అన్నాడు చిన్నబ్బ.

"ఇంకేం చేను? కౌలుకియ్యి. అయ్య మామిడి పెట్టుకుంటాడు. నువ్వే దానికి కావలుండు, కూలిస్తాడు."

"జైల్లో ఉండే కడమ పిల్లోళ్ళు?"

"వాళ్ళ సంగతి నీకేల?"

మునిరత్నమ్మ పొయ్యి దగ్గర నిలబడిపోయింది. నీ కొడుకు ఇంటికొస్తాడు అన్న మాట దగ్గర ఆమె గుండె ఎగిసింది. అబద్ధమెందుకు, ఎగిసింది. పెంచలయ్య ఈ గడపలోంచి వంగి లోపలికి రావడం కళ్ళముందు కనపడింది. మామ ఆ మాటకు తలూపితే తను అడ్డం పడగలదా? ఊపకపోతే క్షమించగలదా? ఆయన ముఖంలోకి చూసింది. తాలూకాఫీసులో ముద్ర చూసి నవ్విన ముఖమే. ఇప్పుడు నవ్వు లేదు.

"ఏం పెద్దాయనా, ఆలోచనేంది? కన్న కొడుకు."

చిన్నబ్బ ముందుకు వాలి, రెండు చేతులూ నేలకు ఊని లేచాడు. దండెం మీది తువ్వాలు తీసి తలకు చుట్టుకున్నాడు. కోడలి వైపు చూడలేదు. దామోదరం కూడా సంబరంగా లేచి, "రా, జీపులోనే పోదాం," అంటూ దారి ఇచ్చాడు.

ముసలాయన గడప దాటాడు. డ్రైవరు జీపు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆ తలుపు పక్కగా, దాన్ని చూడనట్టే, చిన్నబ్బ నడిచిపోయాడు. వెనకనుంచి దామోదరం, "ముసిలోడా! నీ కొడుకు జైల్లోనే కుళ్ళిపోతాడు, సూసుకో!" అని కేక పెట్టాడు. ఆయన వెనుదిరగలేదు. వీధి చివర సిద్ధమ్మ మోపు ఎత్తుకోలేక అవస్థ పడుతోంది. ఆమె చేతిలోంచి దాన్ని అందుకుని, తువ్వాలు చుట్టిన తలమీద పెట్టుకుని, చిత్తూరు రోడ్డు ఎక్కాడు.