టేపు వేసిన బటన్

కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ పోయిన రోజుకు మర్నాడే స్కేలుకి నక్షాల పరీక్ష. నిలువునా సన్నగా ఉంటాడనీ, సంచిలోంచి ఎప్పుడూ ఒక స్కేలు తొంగిచూస్తూ ఉంటుందనీ లాండ్రీలో అందరూ అతన్ని అలాగే పిలిచేవారు. పరాయి దేశంలో ఇళ్ల నక్షాలు గీసే చదువు చదువుతూ, మధ్యాహ్నాలు హోటళ్ల దుప్పట్లు ఇస్త్రీ చేసేవాడు. పక్కన నిలబడి మడతలు పెట్టే అమ్మాయిది మందుల చదువు. ఆమెకు మాత్రలమ్మ అని పేరు పెట్టింది అతనే.

అక్కడి ఇస్త్రీ ప్రెస్సు మంచమంత ఉంటుంది. రెండు చేతులతో రెండు బటన్లూ ఒకేసారి నొక్కితేనే వేడి పలక కిందికి దిగుతుంది. చేతులు బటన్ల మీద ఉంటే పలక కింద ఉండవు కదా, అందుకని ఆ ఏర్పాటు. దాన్ని చెడగొట్టింది మాత్రలమ్మ. ఒకరోజు కుడి బటన్‌ను అదిమిపెట్టి, పైన టేపు అంటించింది. ఇక పలక దిగి లేచే పన్నెండు సెకన్లూ స్కేలు కుడిచెయ్యి ఖాళీ. అది ఆమె చేతిలో ఉండేది. వాళ్ల ప్రేమంతా పన్నెండేసి సెకన్ల చొప్పున సాగింది.

సూపర్‌వైజరుదీ మన భాషే. అందరికీ ఆయన బాబాయి. టేపు చూసి తిట్టలేదు సరికదా, పని చకచకా తెములుతోందని మిగతా ప్రెస్సులకీ వేయించాడు.

ఆ రోజు దిండు గలేబు పరుస్తూ స్కేలు అడిగాడు.

“మీ ఇంట్లో ఎప్పుడు చెప్తావ్?”

“పరీక్షలు కానీ.”

“కిందటిసారీ పరీక్షలే అన్నావ్. నేనేమన్నా దొంగసరుకునా, దాచిపెట్టుకోవడానికి?”

“మా నాన్న సంగతి నీకు తెలీదు.”

“నీకు తెలుసుగా. మరి నా చెయ్యెందుకు పట్టుకున్నావ్?”

ఆమెకు చురుక్కుమంది. చెయ్యి విసురుగా లాగేసుకుంది. అప్పటికే అతని ఎడమచెయ్యి బటన్ నొక్కేసింది. ఏం చేయాలో తోచని కుడిచెయ్యి గలేబు మీది ముడత సర్దడానికి పోయింది. పలక దిగింది.

ఆపడానికని పక్కన ఒక ఎర్ర మీట ఉంది. మాత్రలమ్మ దాన్ని పిడికిలితో కొట్టింది, మళ్లీ మళ్లీ కొట్టింది. అది పాడై ఏడాదైంది. పన్నెండు సెకన్లూ పూర్తయ్యాకే పలక లేచింది. తెల్లటి గలేబు మీద మిగిలినదాన్ని ఆమె తువ్వాలులో చుట్టి ఆసుపత్రికి పట్టుకెళ్లింది. వేళ్లు అతికించడానికి పనికిరావన్నారు.

మర్నాడు ఆమె లాండ్రీకి వెళ్లేసరికి బాబాయి బ్లేడుతో టేపులు గీకేస్తున్నాడు.

“లేబర్ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడమ్మా. వాడంతట వాడే టేపు వేసుకున్నాడని రాసి సంతకం పెట్టు.”

“వేసింది నేను. చూసి అన్నిటికీ వేయించింది మీరు.”

“పిచ్చిమొహమా, ఆ మాటంటే నీ చదువు గోవిందా. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?”

“కాలింది మీ చెయ్యి కాదుగా బాబాయ్.”

ఆయన ఆమె మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. ఈడ్చుకెళ్లి, అరచేతిని కాగుతున్న పలకకు అదిమాడు.

“ఇప్పుడు తెలిసిందా, కాలడం అంటే ఏంటో?”

చర్మం పలకకు అంటుకుంది. ఆమె ఎడమచేతికి ఇస్త్రీపెట్టె దొరికింది. మొదటి దెబ్బకే ఆయన దవడ పగిలింది, నేలకు ఒరిగాడు. రెండో దెబ్బ అవసరం లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా కొట్టింది. మూడోది కొట్టబోతుంటే మడతల బల్ల దగ్గరి ఆడవాళ్లు ఇద్దరు వచ్చి లాక్కెళ్లారు.

ఇన్‌స్పెక్టర్‌కి టేపు సంగతి చెప్పింది. పోలీసులకు ఇస్త్రీపెట్టె సంగతి చెప్పింది, రెండో దెబ్బతో సహా. విచారణ అయ్యేదాకా తరగతులకు రావద్దని కాలేజీవాళ్లు కాగితం ఇచ్చారు.

మూడోరోజు సాయంత్రం ఆసుపత్రిలో స్కేలు ఆమె చేతికట్టును చూశాడు.

“బాబాయికి మూడు పళ్లు ఊడాయట కదా.”

“నాలుగు.”

“నావి రెండేగా. లెక్కలో నువ్వే గెలిచావ్ మాత్రలమ్మా.”

నవ్వబోయి, ఎడమచేత్తో మంచినీళ్ల గ్లాసు తీసి గోడకేసి కొట్టాడు. నర్సు పరుగెత్తుకొచ్చి, గాజుముక్కలు ఊడ్చి వెళ్లింది.

“గీయడం నేర్చుకుంటాలే, ఎడమచేత్తో. టేపు సంగతి చెప్పేశావ్. కొట్టిన సంగతీ చెప్పేశావ్. నీకు భయమంటే ఎవరూ నమ్మరు. మరి నా సంగతి?”

అప్పుడే ఆమె ఫోను మోగింది. తెర మీద నాన్న. స్కేలు చూస్తుండగానే తీసింది.

“బాగానే ఉన్నాను నాన్నా... గొంతా? ఏం లేదు, వంట చేస్తుంటే చెయ్యి కాలింది. కొంచెమే... ఎవరూ లేరు, ఒక్కదాన్నే ఉన్నాను.”

స్కేలు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె ఫోను పెట్టేసి, బాగున్న తన ఎడమచేతిని దుప్పటి మీద ఉన్న అతని ఎడమచేతి మీద పెట్టింది. అతను తీసేయలేదు, పట్టుకోనూ లేదు.

అతని సంగతి ఆమె ఇంట్లో ఇంకా చెప్పలేదు.