రెండో పెద్దమ్మ

వెబ్‌సైటులో ప్రతి పేజీకీ అవే బటన్లు, అవే తేదీ పెట్టెలు మళ్ళీ మళ్ళీ రాయలేక విసుగెత్తి, అన్నిటికీ పనికొచ్చేలా ఆమె ఒకే జావాస్క్రిప్ట్ క్లాసు, అంటే ఒకే పెద్ద కోడ్ ముక్క, రాసింది. పేజీలన్నిటినీ అదే సాకుతుంది గనక టీమువాళ్ళు దానికి పెద్దమ్మ అని పేరు పెట్టారు.

మొదట్లో బాగానే ఉంది. తర్వాత టికెట్ల పేజీకి ఒక మినహాయింపు కావాలన్నారు, రాసింది. లాగిన్ పేజీకి ఇంకొకటి కావాలన్నారు, అదీ అందులోనే కుక్కింది. చివరికి ఒకచోట ముట్టుకుంటే ఇంకోచోట ఊడిపడేది. ఎవరు చెయ్యి పెట్టాలన్నా పక్కన ఆమె ఉండాల్సిందే. పాపం ఇరుక్కుపోయింది. పాపమేమిటి, చేతులారా చేసుకున్నదే!

ఇంతలో అక్కకు నెలలు నిండాయి, తోడుండమని అడిగింది. సెలవు మాటెత్తితే మేనేజరు నవ్వాడు.

"నిన్ను పిలవకుండా మనవాళ్ళలో ఒక్కరైనా అందులో ఒక తప్పు సరిచెయ్యనీ. ఆ పూటే వెళ్దువుగాని."

ఆమె పట్టుబట్టి పెద్దమ్మను విడగొట్టింది. బటన్లకో ఫైలు, తేదీలకో ఫైలు, ఏది దేనికో ప్రతి ఫైలు పైనా రెండు ముక్కల వివరణ. మెడ పట్టేసింది, నిద్ర కరువైంది.

సోమవారం పొద్దున తేదీ పెట్టె మొరాయించింది.

"మీరు క్యాంటీన్లో కూర్చోండి, నేను చూస్తా," అన్నాడు కొత్తగా చేరినాయన.

ఫోను ఎదురుగా పెట్టుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. ఫోను మోగలేదు. మేనేజరే వచ్చాడు. "అయిపోయిందమ్మా. వెళ్ళిరా."

ఎగిరి గంతెయ్యాలనిపించింది. సాయంత్రం బస్సుకే వస్తున్నానని అక్కకు చెప్పేసింది. లాప్‌టాప్ మూస్తూ, ఊరుకోలేక, ఎలా దిద్దాడో చూసింది.

ఆమె ఫైళ్ళ జోలికే పోలేదతను. విడగొట్టకముందున్న పెద్దమ్మను పాత కాపీల్లోంచి తవ్వి తీసి, తప్పు అందులో దిద్ది, సగం పేజీలను దానికి తగిలించాడు.

"మీ చిన్న ఫైళ్ళంటే భయమేసిందండీ. ఇదైతే చేరిన రోజు నుంచీ చూస్తున్నదే," అన్నాడు, అడిగితే అమాయకంగా.

ఇక ప్రతి తప్పూ రెండు చోట్ల దిద్దాలి. ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు, ఎవరికీ పట్టదు కూడా. సైటు నడుస్తోంది, సెలవు చేతిలో ఉంది, సంచీ కుర్చీ కింద సర్దే ఉంది. ఆమెకు ఏడుపొచ్చింది. లాప్‌టాప్ మళ్ళీ తెరిచింది.

బస్సు వేళకు అక్క ఫోను చేసింది.

"ఎక్కావా?"

"లేదక్కా."

"మళ్ళీ ఆపేశారా? ఈసారి ఎవరే ఆపింది?"

ఆమె ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండో పెద్దమ్మకు తగిలించిన ఇంకో పేజీని ఊడదీసింది.