చేయి పడ్డ బండ

నేను ఒక బండరాయిని. బట్టలుతికే బండని. నన్ను దేవుణ్ణి చేద్దామని ఎవరికీ తోచలేదు. మైలురాయిగా నిలబెట్టే ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. ముప్పయ్యేళ్లకు పైగా ఒక ఇంటి మురికి చూశాను. మనుషుల గురించి నాకు తెలిసిందంతా అక్కడ తెలిసిందే. గొప్పగా చెప్పుకోదగ్గది కాదు.

నేను పుట్టింది కనిగిరి అవతల ఒక కొండలో. రాయికి పుట్టడమంటే విడిపోవడమే. రాళ్లు కొట్టేవాడు వరసగా బెజ్జాలు వేసి, ఇనప చీలలు దిగ్గొట్టి నన్ను కొండ నుంచి వేరు చేశాడు. ఆ గాట్లు ఇప్పటికీ నా అంచున పలువరసలా ఉన్నాయి. ఒకవైపు చదునుగా చీలాను. రెండోవైపు కొండలో ఉన్నప్పటి గరుకు వీపే మిగిలింది. ఎడ్లబండి మీద తెచ్చి చెంచురామయ్య పెరట్లో, బావి పక్కన, కాస్త ఏటవాలుగా పడేశారు.

చెంచురామయ్య ఆ ఊరి పోస్టు మాస్టరు. తెల్ల చొక్కా తప్ప వేసేవాడు కాదు. దాన్ని తెల్లగా ఉంచే పని మాత్రం భార్య వెంగమ్మది. ఆమె ఎడమచేయి నా మీద ఆనించి కుడిచేత్తో ఉతికేది. చేయి ఆనినచోటా బట్ట పడినచోటా నేను అరిగాను. ఇనప చీలలకు ఒక్క పూటలో లొంగినదాన్ని, తడిబట్టకు లొంగడానికి ఇరవయ్యేళ్లు తీసుకున్నాను. చివరికి నా ముఖాన రెండు జానల మేర పళ్లెంలాంటి నునుపు పల్లం పడింది.

చెంచురామయ్య దండెం మీది చొక్కాను రెండు వేళ్లతో పట్టుకుని చూసేవాడు.

"తెల్లగా లేదు," అనేవాడు.

అది మంచి చొక్కాకీ చెడ్డ చొక్కాకీ ఒకటే మాట. బాగుంది అనే మాట ఆ ఇంట్లో నేను వినలేదు.

వెంగమ్మ అతన్ని అడిగింది నాకు తెలిసి ఒకే ఒక్కటి. "ఈ నీళ్లన్నీ ఊరికే పోతన్నయ్యి. ఇక్కడో గుంట తీయించు. కలవలు పెట్టుకుంటా."

"దోమలొస్తయ్."

ఏడాదికోసారి అడిగేది. ఏడాదికోసారి దోమలొచ్చేవి. తర్వాత అడగడం మానేసింది. ఆ తర్వాత జ్వరమొచ్చి పదిరోజుల్లో పోయింది. నా మీద సబ్బు ముక్క ఒకటి ఎండిపోయి చాన్నాళ్లుంది. కాకి ఎత్తుకుపోయింది.

చెంచురామయ్య ఎవరినీ వదలకుండా తిట్టాడు. మందిచ్చిన డాక్టరును, ఆలస్యంగా వచ్చిన చుట్టాలను, తొందరగా వెళ్లిన చుట్టాలను. తిట్టడానికి ఇంకెవరూ మిగలనప్పుడు గునపం తీసుకుని పెరట్లోకొచ్చాడు. నా పక్కనే గుంట తవ్వడం మొదలుపెట్టాడు.

వెంగమ్మ చెల్లెలు రవణమ్మ పక్కవీధిలోనే ఉంటుంది. కూర గిన్నె పట్టుకుని వచ్చి, గట్టున నిలబడి చూసింది.

"ఏంది బావా ఇది?"

"గుంట."

"కలవలకా? దోమలు రావా?"

"చేపలేస్తా. దోమ పిల్లల్ని తింటయ్."

"మా అక్క ఉన్నప్పుడు చేపలు పుట్టలేదా?"

చెంచురామయ్య గునపం ఆపలేదు. ఆమె కూర గిన్నె నా మీద పెట్టి వెళ్లిపోయింది. వంకాయ కూర. కాకి దగ్గరకు రాకముందే అతను వచ్చి తీసుకున్నాడు. మనిషి కోపంలో ఉన్నా వంకాయ కూర విషయంలో జాగ్రత్తగానే ఉంటాడు.

తవ్వడం అయ్యాక తాపీమేస్త్రీ ఏడుకొండలు వచ్చాడు. బావులకు వరలు, ఇళ్లకు పునాదులు కట్టిన చేయి అతనిది. గుంటలో ఇసక పరిచి, దాని మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా వేసి, పట్టా అంచు కనపడకుండా చుట్టూ రాళ్లు పేర్చాడు. దారం కట్టి, మట్టం చూసి మరీ పేర్చాడు. సాయంత్రానికి బావి వర ఒకటి పొట్టిగా తయారైంది.

చెంచురామయ్య చూసి ఒక రాయిని కాలితో తన్నాడు.

"ఏంది ఏడుకొండలూ, గుంటకు పెళ్లి చేశావా?"

"వంకర్లేకుండా పెట్టా గదా పెద్దాయనా?"

"వంకరుండాలి. వాన కొట్టి, నీళ్లు కోసి, రాళ్లు వాటంతటవి బయటపడినట్టుండాలి. మనిషి చేయి పడినట్టు కనపడకూడదు."

"చేయి పడకుండా రాయెట్టా పడిద్ది?"

"పడాలి. కనపడకూడదు."

ఏడుకొండలు తల గోక్కున్నాడు. జీవితమంతా చేయి కనపడేట్టు పని చేసినవాడికి ఇది కొత్త చదువు. దారం చుట్టి జేబులో పెట్టుకుని, పొద్దుపోయేదాకా పేర్చిందంతా విప్పాడు.

మర్నాడు చెంచురామయ్య కలువ దుంపలకూ చేపలకూ పొదిలి బయల్దేరాడు. వెళ్తూ నన్ను చూపించాడు. "ఈ బండ నీళ్ల పక్కన పెట్టు. కూచోటానికి." అంతే అన్నాడు. నా ముఖాన ఏముందో, ఎందుకుందో చెప్పలేదు. చెబితే మనిషి తరిగిపోతాడనుకున్నాడేమో.

ఏడుకొండలు ఆ రోజు నిజంగా బాగా పనిచేశాడు. పెద్ద రాయి పక్కన చిన్నదాన్ని పెట్టాడు. ఒకదాన్ని సగం మట్టిలో పూడ్చాడు, ఇంకొకదాన్ని నీళ్లలోకి జార్చాడు. వానమట్టి లోపలికి రాకుండా రాళ్లను కాస్త బయటికి వాల్చి, సందుల్లో గడ్డి నాటాడు. ఆఖర్న నా దగ్గరకొచ్చాడు. నా ముఖాన పల్లం తడిమాడు.

"అరిగిపోయిందే. ఇది చూస్తే చేయి పడిందని ఎవడైనా చెప్తాడు," అని తనలో తాను అనుకున్నాడు.

చెప్పింది చెప్పినట్టు చేసేవాడు కాబట్టి నన్ను బోర్లించాడు. గరుకు వీపు పైకి, వెంగమ్మ చేయి కిందికి. సిమెంటు వేసి బిగించాడు. గుంట నింపాడు.

చెంచురామయ్య సాయంత్రం బస్సు దిగి వచ్చి, దుంపల సంచి పట్టుకుని నిలబడిపోయాడు.

"చూడండి పెద్దాయనా! ఎక్కడన్నా చేయి పడ్డట్టుందా?"

చెంచురామయ్య నా గరుకు వీపు చూశాడు.

"బాగుంది," అన్నాడు.

నేను ఆ మాట వినడం అదే మొదటిసారి. అబద్ధానికి వాడాడు.

కలువలు వేశాడు. చేపలు వదిలాడు. నా మీద మాత్రం కూచోలేదు. వారం పాటు గుంట చుట్టూ తిరిగాడు. నా దగ్గరకొచ్చేసరికి చెప్పులు విడిచి, పక్కనుంచి నడిచేవాడు.

ఎనిమిదోనాడు రవణమ్మ వచ్చింది.

"గుంట బానే కుదిరింది. మా అక్క బండేది బావా?"

"అదే."

ఆమె వంగి చేత్తో రాసింది. "ఇదేంది, గరుగ్గా ఉంది? అక్క బండ అద్దంలా ఉండేదిగా!"

"అది కిందుంది."

"కిందేం చేస్తంది?"

రవణమ్మ ఇంకేదో అనబోయి, అతని మొహం చూసి ఊరుకుంది. ఆమె ఊరుకోవడం నేను చూడటం కూడా అదే మొదటిసారి.

ఆమె వెళ్లగానే అతను గునపం తెచ్చి నా కిందికి పొడిచాడు. అరవయ్యెనిమిదేళ్ల నడుము అది. నేను కదల్లేదు. నా తప్పు కాదు, సిమెంటు అలాంటిది. చొక్కా చిరిగింది, చేయి దోక్కుపోయింది. చివరికి తనే ఏడుకొండలు ఇంటికి నడిచి వెళ్లి అతన్ని పిలుచుకొచ్చాడు.

"తిప్పాలి దాన్ని."

"అదేంది పెద్దాయనా, బాగుందన్నారుగా!"

"అబద్ధం చెప్పా."

"ఇప్పుడు తీస్తే నీళ్లన్నీ తోడాలి. చేపల్ని తీయాలి. పట్టా చిరిగినా చిరగొచ్చు. చేయి కనపడకూడదని మీరే గదా..."

"దాని మీద నా భార్య చేయి పడింది." చెంచురామయ్య గుంట వైపు చూస్తూ చెప్పాడు. "అది కనపడాలి."

ఏడుకొండలు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"ముందే చెప్పొచ్చుగా పెద్దాయనా."

"ముందే చెప్పే అలవాటు లేదు నాకు."

ఇద్దరూ కలిసి చేపల్ని గంగాళంలోకి తీశారు. నీళ్లు తోడారు. సిమెంటు పగలగొట్టారు. నా పలువరసలో రెండు గాట్లు విరిగాయి. పట్టా నిజంగానే చిరిగింది. అతుకేశారు. నన్ను వెల్లకిలా తిప్పి, పాత ఏటవాలులోనే ఆనించారు. బురద కడిగాక పల్లం బయటపడింది.

ఇప్పుడు గుంట చూడ్డానికొచ్చిన ప్రతివాడూ ఒకటే అంటాడు. అన్ని రాళ్లూ కుదిరాయి, ఆ ఒక్కటి కుదరలేదు అని. చెంచురామయ్య "కుదరదు" అని ఊరుకుంటాడు.

మొదటి కలువ విచ్చిన రోజు పొద్దున్నే అతను చిరిగిన తెల్ల చొక్కా తెచ్చాడు. నా పక్కన గొంతుక్కూచుని, ఎడమచేయి పల్లంలో ఆనించి, కుడిచేత్తో ఉతికాడు. ఉతకడం రాదు. సగం నీళ్లు మొహాన కొట్టుకున్నాడు. కూర గిన్నెతో వచ్చిన రవణమ్మ తలుపు దగ్గరే ఆగింది.

"సబ్బు పెట్టలేదేం బావా?"

"చేపలు చస్తయ్."

చొక్కా పిండి, రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. ఏదో మాట వినపడుతుందని ఆగినట్టు ఆగాడు.

తెల్లగా లేదు. ఆ మాట నాకూ తెలుసు, ముప్పయ్యేళ్లు విన్నాను. నేను అనలేదు.