అన్నిటికీ లేదన్న బుల్లోడు

ఖైదీలకు మత్తు అలవాటు ఎంతుంది, బయటికెళ్తే మళ్ళీ తప్పు చేస్తారా అన్నది అంచనా కట్టడం మా జైల్లో నా పని. ప్రశ్నలడగాలి, మార్కులేయాలి. నాకు ఓపిక తక్కువని ఇంటాబయటా పేరు.

ఆ రోజు నా ముందు కూర్చున్నవాడు తాటిచెట్టంత మనిషి. అందరూ బుల్లోడంటారు. తాగి లారీ నడిపి, ఒకాయన కాలు విరగ్గొట్టి లోపలికొచ్చాడు. ఈ పరీక్ష గట్టెక్కితే ఓపెన్ జైలుకి పంపుతారు. అక్కడ ఇంటివాళ్ళతో కలిసి కూర్చోవచ్చు. అతను లోపలున్నప్పుడు పుట్టిన కూతుర్ని ఇంతవరకూ అద్దం ఇవతల నుంచే చూశాడు.

"మందు తాగాలనిపిస్తుందా?"

"లేదండీ."

"ఎప్పుడైనా కోపం వచ్చిందా?"

"లేదండీ."

"బుద్ధెరిగాక ఒక్క అబద్ధమైనా ఆడారా?"

"అబ్బే, లేదండీ!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ చివరి రెండూ బొంకేవాళ్ళను పట్టడానికే పెట్టిన ప్రశ్నలు. వాటికీ లేదంటే పరీక్ష చెల్లదు, ఇంకో ఏడాది ఇక్కడే.

"ఎవరయ్యా మీకీ చిలకపలుకులు నేర్పింది?"

"మా బ్యారక్‌లో పెద్దవాళ్ళండీ. అన్నిటికీ లేదంటే చాలన్నారు."

"వాళ్ళింకా లోపలే ఉన్నారుగా! వాళ్ళ దగ్గరా పాఠాలు?"

బుల్లోడి మొహం వాడిపోయింది. "అయితే మా పాప..." అని ఆగిపోయాడు. నా కోపం సగం అక్కడే దిగిపోయింది. ఇంకొక్కసారి అడిగే అధికారం నాకుంది. మంచినీళ్ళిచ్చి మళ్ళీ మొదలెట్టాను.

"కోపం వస్తుందా?"

"ఇందాక మీ మీదే వచ్చిందండీ."

"శభాష్! మరి మందు?"

గ్లాసులో మిగిలిన నీళ్ళు గటగటా తాగేశాడు. "సాయంత్రమైతే నాలుక పీకేస్తుందండీ. ఒక్కణ్ణే ఉంటే ఆగలేనేమోనని భయం. ఎవరన్నా పక్కనుండి ఆపితే బావుణ్ను."

తన దారిలో గొయ్యి ఎక్కడుందో తెలిసినవాడు చుట్టూ తిరిగి వెళ్ళగలడు. మందు మానిపించే తరగతికి రోజూ వెళ్ళాలన్న షరతుతో ఓపెన్ జైలుకి సిఫారసు చేశాను. పై అధికారి నసిగాడు, నేను అరిచాను, సంతకం పడింది.

తరువాత ఒక ఆదివారం పనిమీద ఆ ఓపెన్ జైలుకి వెళ్ళాను. ఆవరణలో బల్లమీద బుల్లోడు, ఒళ్ళో కూతురు. ఆ పిల్ల రెండు గుప్పిళ్ళతో అతని మీసాలు పట్టి గుంజుతోంది. పాపం, అతని కళ్ళవెంట నీళ్ళు!

"వదలవే, నాన్నకి నొప్పి" అంటూ భార్య పిల్ల చేతులు విడిపించబోయింది.

"ఉండవే, లాగనీ" అన్నాడు బుల్లోడు. "ఇన్నాళ్ళకి దాని చేతికి అందాను."