ఆగయ్య పిలిచిన కేసు

నల్ల గౌన్లకంటిన సుద్దపొడిని ఆగయ్య తడిగుడ్డతో ఒత్తి ఒత్తి తీస్తున్నాడు. దులిపితే పోయేది కాదది, ఇంకా లోపలికి పాకుతుంది. సంతోష్‌నగర్ సందులోని ఆ లా కాలేజీలో ముప్పై ఏళ్ళుగా అటెండరు. ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా? బక్కపలచని మనిషి, మోకాళ్ళ దగ్గర తెల్లబారిన ఖాకీ ప్యాంటు, చెవి వెనక ఎప్పుడూ ఒక చాక్‌పీసు.

ఇవాళ ఉత్తుత్తి కోర్టు. పిల్లలే వకీళ్ళవుతారు, రిటైరైన జడ్జి ఒకాయన వచ్చి పైన కూర్చుంటాడు. ఈ ఏడు కేసు పాలస్తీనాకీ ఇజ్రాయెల్‌కీ నడుమ. నలభై ఏడులో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న విభజన గీత చెల్లుతుందా, పాలస్తీనా ఒక రాజ్యమేనా కాదా, అదీ తగువు. పాలస్తీనా తరఫున స్రవ్య, ఇజ్రాయెల్ తరఫున వివేక్.

బల్లల మీద పెట్టే పేర్ల పలకలు ఆగయ్యే రాస్తాడు. ‘పాలస్తీనా రాజ్యం’ అని ముత్యాల్లా రాసి పెట్టేసరికి వివేక్ వచ్చి చూశాడు.

“రాజ్యమని నువ్వే రాసేస్తే ఇగ మేం వాదించుడెందుకు ఆగన్నా? కేసే ఆ మాట మీద గద.”

నిజమేననిపించి ఆగయ్య ఆ మాట తుడిచాడు. కాసేపటికి స్రవ్య వచ్చింది. “ఎవరడిగి తుడిచినవ్?” అంది. అదీ నిజమే. మళ్ళీ రాశాడు. ప్రిన్సిపాల్ జగదీశ్వర్ వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, పలకలు రెండూ బోర్లా పెట్టించి చేతులు దులుపుకున్నాడు.

ఆగయ్య ధ్యాస ఆ లొల్లి మీద లేదు. రెండున్నరకి సివిల్ కోర్టులో ఆయన సొంత కేసుంది. గౌలిపురలో వాళ్ళ నాయన బర్రెలు కట్టేసిన వాకిలి, దానికి అటొక గది, ఇటొక గది. పంచిపెట్టమని తమ్ముడు రామ్‌చందర్ దావా వేశాడు. కోర్టు పంపిన కమిషనర్ టేపు పట్టుకుని వచ్చి వాకిలి నడిమధ్యన గీత గీశాడు. గేటూ నీళ్ళ నల్లా తమ్ముడి వైపు పడ్డాయి. ఆగయ్యకి బయటికి రావడానికి పక్కింటి గోడ వెంట మూరెడు సందు మిగిలింది. నక్ష మీద చూస్తే మటుకు చెరి సగం, వెంట్రుకవాసి తేడా ఉండదు. ఆగయ్య సంతకం పెట్టనన్నాడు. ఆ అభ్యంతరం మీదే ఇవాళ వాయిదా. ఇంతకుముందు రెండుసార్లు కాలేజీలో పరీక్షలని పోలేదు.

“బోనెక్కి చెప్పాల్సింది నువ్వు. ఈసారి పిలిచినప్పుడు లేకుంటే కొట్టేస్తరు, మళ్ళ నన్ననకు,” అని వకీలు కృపాకర్ నిన్ననే ఫోన్లో ఖరాఖండిగా చెప్పాడు.

“పన్నెండింటికి పోత సార్,” అన్నాడు ఆగయ్య ప్రిన్సిపాల్‌తో.

“జడ్జిగారు పదకొండుకే ఒస్తరు. పిలుపు కాంగనే పో. నువ్వు తప్ప గట్ల పిలిచేటోడు ఎవడున్నడయ్యా?”

అంతే, ఆగయ్య పొంగిపోయాడు. ఆ మనిషికి ఉన్న మురిపెం అదొక్కటే మరి. కోర్టు మొదలయ్యే ముందు పాత కోర్టు కచేరీల పద్ధతిలో కక్షిదారులని మూడుసార్లు పిలవడం. ఏడాదికొక రోజు ఆయన గొంతు మూడంతస్తులూ వినపడుతుంది, మిగతా రోజులు ఆయన దగ్గినా ఎవరూ తల తిప్పరు.

పదకొండుకి రావలసిన జడ్జి ఒంటిగంటకి వచ్చాడు. ఆగయ్య గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“పాలస్తీనా వాలే హాజిర్ హో!”

ఎవరూ రాలేదు. స్రవ్య వాళ్ళు కింద జిరాక్స్ షాపులో కాగితాల కోసం కొట్లాడుతున్నారు. రెండోసారి పిలిచాడు. మూడోసారీ పిలిచాడు.

“మూడు అయినయి. ఇప్పుడేం చేద్దామంటవ్?” అన్నాడు జడ్జి నవ్వుతూ.

“ఒస్తరు సార్. ఇంకోపాలి పిలుస్త.”

నాలుగో పిలుపుకి స్రవ్య వగరుస్తూ వచ్చింది. హాలంతా చప్పట్లు. ముప్పై ఏళ్ళలో ఆ హాల్లో, పిలిచినప్పుడు లేరని ఎవరి కేసూ కొట్టేయలేదు. కోర్టంటే అట్లాగే ఉంటుందని ఆగయ్య మనసులో నాటుకుపోయింది. వకీళ్ళని తయారుచేసే చోట చాక్‌పీసులందించే మనిషికి తప్ప ఇంకెవరికీ ఇంత పిచ్చి నమ్మకం ఉండదు.

“ఇసొంటి పిలుపు నా సర్వీసులో వినలే. తీర్పు దాక ఇక్కడనే నిలబడు,” అన్నాడు జడ్జి. ఆగయ్య నిలబడిపోయాడు. వెళ్తానని ఒక్కమాటంటే ఎవరూ కాళ్ళకి అడ్డం పడేవాళ్ళు కాదు. అనలేదు, దద్దమ్మ.

పిల్లలు ఇంగ్లీషులో వాదించుకున్నారు. విని విని ఆగయ్యకి సగం పైగా తెలుస్తుంది. ఆనాడు ఆ గీతని మావాళ్ళు ఒప్పుకున్నారు, వద్దని యుద్ధానికి దిగినవాళ్ళు ఇప్పుడొచ్చి అదే మా హక్కంటే ఎట్లా అన్నాడు వివేక్. ఆగయ్యకి గుండెలో కలుక్కుమంది. తనూ వద్దన్నవాడే కదా. స్రవ్య లేచి, ఇల్లు మాదైనప్పుడు పంచడానికి మీరెవరని అడిగినవాడిది తప్పా అంది. వాటా ఇచ్చి దారి ఇవ్వకపోతే అది వాటా ఎట్లా అవుతుంది అంది.

ఆ మాట ఆగయ్య పట్టుకున్నాడు. బోనులో ఇదే చెప్పాలనుకుని పెదవులు కదుపుతూ వల్లె వేసుకున్నాడు. గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. నా పేరు గూడ ఇంకోపాలి పిలుస్తరులే అనుకున్నాడు.

మూడున్నరకి జడ్జి లేచి, రాజ్యం సంగతి తేల్చడం ఈ కోర్టు పని కాదని చెప్పి, ఇద్దరికీ చెరొక బహుమతి కప్పు ఇచ్చాడు. ఆగయ్య మెట్లు దిగుతుండగా ఫోన్ మోగింది.

“మూడుసార్లు పిలిచిన్రు. కొట్టేసిన్రు,” అన్నాడు కృపాకర్.

“ఇంకోపాలి పిలువమనకపోయినవా సార్?”

“ఏంది?” అని వకీలు ఫోన్ పెట్టేశాడు.

ఆగయ్య గౌలిపుర చేరేసరికి వాకిట్లో గోడ నడుమెత్తు లేచింది. ఇటుకలు వారం ముందే వచ్చి ఉన్నాయి, మేస్త్రీలు కబురు కోసమే కూర్చున్నారు. గేటు పిల్లర్ పక్కన నిలబడ్డ రామ్‌చందర్ అన్న మొహంలోకి చూడలేదు.

“కోర్టు ఆర్డరే అన్నా. నన్నేం జేయమంటవ్?”

గేటు దగ్గర్నుంచి వెనక్కి తిరిగి, ఆగయ్య పక్కింటి గోడ వెంట సందులో దూరాడు. ఎదురుగా నడిస్తే భుజాలు పట్టలేదు. పక్కకి తిరిగి, కడుపు లోపలికి పట్టి, చొక్కా గీరుకుంటూ తన వాటాలోకి చేరాడు. భార్య రుక్మిణమ్మ పక్కింటి నుంచి తెచ్చిన నీళ్ళిచ్చింది.

“దారి లేని వాటా వాటా ఎట్లయితది రుక్మిణీ?” అన్నాడు మంచం మీద కూర్చుని.

ఆమె చాయ్ పెట్టడానికి లేచింది. చాయ్ తెచ్చేసరికి గోడకి తల ఆనించి ఉన్నాడు. పిలిచింది. ఇంకోసారి పిలిచింది. భుజం పట్టి కుదిపితే మనిషి పక్కకి ఒరిగాడు.

తెల్లారి పాడె కట్టారు. సందులోంచి అది పోలేదు. నిలువుగా పెట్టి చూశారు, ఏటవాలుగా తిప్పి చూశారు. పోలేదు. ఇక మిగిలింది గోడ దాటించి రామ్‌చందర్ వాటాలోంచి గేటుకి తీసుకుపోవడమే. రుక్మిణమ్మ గోడ దగ్గరికొచ్చింది.

“మీ అన్నను జర పోనియ్యి.”

రామ్‌చందర్ రాత్రంతా ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాడు. అది దొంగేడుపు కాదు. అయినా పక్కకి పోయి తన వకీలుకి ఫోన్ చేశాడు. తిరిగొచ్చి, వకీలు చెప్పినట్టు కాగితం ఒకటి రాయించి, గోడ మీద పరిచాడు.

“ఊకెనే పోనిస్తే రేపు దారి ఉన్నదని కేసు పడతదంట వదినే. వకీలు గట్లన్నడు.”

ఎవరో చదివి వినిపించారు. ఈ ఒక్కసారికి, దయతో ఇచ్చిన అనుమతి తప్ప హక్కు కింద కాదు అని ఉంది అందులో. మోసేవాళ్ళు పాడె భుజాన పెట్టుకుని ఎండలో నిలబడి ఉన్నారు. రుక్మిణమ్మ స్టాంపు ప్యాడ్‌లో వేలు అద్ది, చూపించిన చోట ఒత్తింది. రామ్‌చందర్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తనే ముందుకొచ్చి అన్న పాడె ఇటువైపు అందుకున్నాడు. గోడ మీదుగా దాటించారు. గేటులోంచి బయటికి మోశారు. అందరూ వెంట వెళ్ళారు.

వాకిట్లో ఎవరూ లేరు. ఆమె వేలు తుడుచుకున్న ఊదా మరక పచ్చి సిమెంటు మీద ఆరుతోంది, పక్కన మూత తీసిన స్టాంపు ప్యాడ్.