పెద్దమ్మ పంచిన పుట్టినరోజు

ఉద్యోగంలో ఆఖరి రోజున సొరుగు ఖాళీ చేస్తుంటే కార్డుల పెద్దమ్మకి పిప్పరమెంటు బిళ్ళల డబ్బా దొరికింది. మూత తుప్పు పట్టి ఓ పట్టాన రాలేదు. డబ్బా బల్ల మీద పెట్టి ఆవిడ మళ్ళీ సొరుగులోకి వంగింది.

పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వైద్యానికి ప్రభుత్వమే బీమా కడుతుందన్న ఏడాదే ఈ కౌంటరు తెరిచారు. పదిహేడేళ్ళయింది. అప్పట్లో ఇది పాత గ్రంథాలయం వెనక గది. కిటికీకి రెక్కల్లేవు, ఉన్న ఒక్క కుర్చీకి కాళ్ళు మూడే. అయినా ఆ జనాన్ని చూడాలి! చంకలో ఒకరు, చేతికి ఒకరు, వెనక ఏడుస్తూ ఇంకొకరు. బిడ్డకి జ్వరమొస్తే ఆస్పత్రి గుమ్మం ఎక్కడానికి జంకిన తల్లులు, బీమా కార్డు చేతిలో పడగానే అటూ ఇటూ తిప్పి చూసుకుని, గుండెల మీద చెయ్యేసుకుని ఇంటికెళ్ళేవాళ్ళు. రాసి రాసి వేళ్ళు పడిపోయేవి గానీ, అంత హాయి మళ్ళీ ఎన్నడూ లేదు.

తంటా అంతా పుట్టిన తేదీ గడితోనే. కాగితాలున్న వాళ్ళు కొందరే. మిగతా తల్లులు "వానలు మొదలైనప్పుడమ్మా" అనో, "మా ఆయన గోడ మీంచి పడ్డ వారం" అనో చెప్పేవాళ్ళు. గడి ఖాళీగా వదిలితే పెద్దాఫీసు దరఖాస్తు తిప్పి పంపేది. ఒకటో తారీఖు వేస్తే, "ఊళ్ళో పిల్లలందరూ ఒకటో తారీఖునే పుట్టారా?" అని ఎర్ర సిరాతో వెటకారం. పెద్దమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి తను ఎన్నటికీ మర్చిపోని తేదీ ఒకటుంది కదా అని, జూన్ పద్నాలుగు వెయ్యడం మొదలుపెట్టింది. అది ఆవిడ పుట్టినరోజు. తల్లి చెప్పిన మాట కూడా పోకుండా దరఖాస్తు అంచున పెన్సిల్‌తో రాసి పెట్టేది. అలా నలభై ముగ్గురికి తన పుట్టినరోజు పంచిపెట్టేసింది.

పిల్లలు అది నిజమే అనుకున్నారు. ఏటా ఆ రోజు కార్డు కొత్తది చేయించుకోవడానికి వచ్చి, "నా పుట్టినరోజు!" "నాది కూడా!" అని గదంతా పీకి పందిరేసేవాళ్ళు. "చెయ్యి చాపు, పుట్టినరోజు పిల్లా" అంటూ పెద్దమ్మ తలా ఒక పిప్పరమెంటు పెట్టేది. ఆవిడ పుట్టినరోజు ఎప్పుడని అడిగినవాళ్ళు లేరు. ఇంట్లో అడగడానికి ఎవరూ లేనేలేరు. ఆ గోలలో ఆవిడకి ఆ లోటు తెలిసేది కాదు. కార్డులు ఆస్పత్రిలోనే కొత్తవి చెయ్యడం మొదలయ్యాక పిల్లల రాక ఆగింది, డబ్బా సొరుగులో మిగిలిపోయింది.

ఇవాళా జూన్ పద్నాలుగే. కిటికీ దగ్గర దగ్గు వినబడి తలెత్తింది. అందరూ పిచ్చుక అని పిలిచే అమ్మాయి, వాళ్ళమ్మ. నాలుగేళ్ళప్పుడు ఈ కార్డు మీదే గుండె ఆపరేషన్ అయిన పిల్ల.

"సోమవారం కవాటం మార్చాలన్నారు పెద్దమ్మా," అంది తల్లి. "తీరా చూస్తే ఇవాళ్టితో పద్దెనిమిది నిండాయంట, రేపట్నించి కార్డు చెల్లదంట. మాకు ఆ ఖర్చు ఏ జన్మకి అయ్యేను? అయినా ఇది పుట్టింది చలికాలంలో కదా. నీకు అప్పుడే చెప్పాను."

పెద్దమ్మ బీరువాలోంచి పాత దరఖాస్తు లాగింది. అంచున పెన్సిల్ రాత మాసింది గానీ పోలేదు. 'పుట్టింది డిసెంబరు, మొదటి పొగమంచు వారం. ఇప్పుడు పాపకి ఆర్నెల్లు.'

దాన్ని పక్క గదిలోని కొత్త అధికారి ముందు పెడితే, అతను కాగితం అటూ ఇటూ తిప్పాడు. "పెన్సిల్ రాత చూసి తేదీ మార్చలేను మేడమ్. సిరాతో ఉన్నది మీరు కల్పించిందని రాసివ్వాలి. రాసిస్తే విచారణ వేస్తారు. మీ పెన్షన్ కాగితాలు ఎన్నాళ్ళు ఆగుతాయో నాకు తెలీదు." గొంతు తగ్గించాడు. "ఇంకో మూడు గంటలైతే ఇది మీ తలనొప్పి కాదు."

ఆవిడకి భయమేసింది. ఒంటరి మనిషి, పెన్షన్ తప్ప ఆధారం లేదు. చేతులు దులుపుకుని పోతే అడిగేవాళ్ళూ లేరు. కానీ కుట్లతో వచ్చి, "కోసి కుట్టారుగా, నాకు రెండియ్యి" అని బేరమాడిన నాలుగేళ్ళ పిచ్చుక గుర్తొచ్చింది. కలం తీసి గబగబా రాసి సంతకం పెట్టింది.

"ఇలాంటివి ఇంకో నలభై రెండున్నాయి. అవీ చూడండి బాబూ."

"మేడమ్!" అని అధికారి తల పట్టుకున్నాడు.

గంట తర్వాత కార్డు మీద తేదీ డిసెంబరుకి మారింది. తల్లి కార్డు అటూ ఇటూ తిప్పి చూసుకుని, గుండెల మీద చెయ్యేసుకుంది. పిచ్చుక మొహం మాత్రం చిన్నబోయింది.

"అయితే ఇవాళ నా పుట్టినరోజు కాదా?"

"కాదే తల్లీ. ఇన్నేళ్ళూ అబద్ధం చెప్పాను."

"మరి ఈ తారీఖు ఎవరిది?"

పెద్దమ్మ సొరుగులో లేనిదేదో వెతకసాగింది. పిచ్చుక ఆవిడ వంకే చూస్తూ నిలబడింది. తర్వాత బల్ల మీది డబ్బా అందుకుని, పళ్ళబిగువున మూత లాగింది. అడుగున ఒకే ఒక్క పిప్పరమెంటు ఉంది.

"చెయ్యి చాపు, పుట్టినరోజు పిల్లా," అంది.

అరవయ్యేళ్ళ పెద్దమ్మ చెయ్యి చాపింది.